చెంపలో పన్ను

పోయిన సంవత్సరం ఆగస్టు పదో తేదీ, ఆదివారం. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. మా అత్త నరసమ్మ బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండి, పుట్నాల పొడి చల్లి తాలింపు వేసిందంటే ఆ వాసనకే మా చందన నిద్రలేచి వచ్చేస్తుంది. ఆ రోజు మాత్రం బజ్జీని గోటితో గిల్లుకుంటూ, ముక్కను కుడివైపు దవడకు నెట్టి నములుతోంది. పై పెదవి వాచి ఉంది. అడిగితే, ముందురోజు కబడ్డీ ప్రాక్టీసులో ఎవరి మోచేయో తగిలిందంది. ఎవరిదో చెప్పలేదు. ఆటలో తగిలిన దెబ్బకు పేరు పెట్టకూడదని ఆ పిల్లల కట్టుబాటు.

చందన అప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్లమ్మ భ్రమరాంబిక పోయినప్పుడు ఐదులో ఉండేది. కూతురి కర్మలకు పాణ్యం నుంచి వచ్చిన మా అత్త మళ్లీ పాణ్యం పోలేదు. ఉంటానని ఆమె చెప్పలేదు, ఉండమని నేను అడగలేదు. చుట్టాలందరూ వెళ్లిపోయిన మర్నాడు పొద్దున వంటింట్లో పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది, అంతే. పక్క మీద పడుకొని ఆ చప్పుడు విన్నప్పుడు నాకెంత ప్రాణం కుదుటపడిందో ఎవరికీ చెప్పలేదు. ఆమె మాటకు ఎదురు చెప్పడం నేను నేర్చుకోకపోవడానికి అదే కారణమనుకుంటాను. ఆళ్లగడ్డలో డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పే చెన్నకేశవులు సారంటే నెమ్మదస్తుడని పేరు. నెమ్మదితనం ఒక్కోసారి ఎంత సుళువైన దారో ఆ వానాకాలంలో తెలిసింది.

తిన్నాక చందనను బస్సెక్కించి నంద్యాల తీసుకుపోయాను. డాక్టర్ దేవసహాయం పెదవి ఎత్తి చూసి, పన్నుకేం కాలేదు, పెదవే చిట్లింది అన్నాడు. అంతటితో వదలలేదు. క్రికెట్ బంతి తగిలి వచ్చేవాళ్ల కంటే కబడ్డీలో మోకాలు తగిలి తన దగ్గరికి వచ్చే పిల్లలే ఎక్కువన్నాడు. ఈ వయసులో ముందు పండ్లు పోతే ఆ లోటు జీవితాంతం పూడదని చెప్పి, బల్ల సొరుగులోంచి మెత్తటి తొడుగు ఒకటి తీశాడు. గుర్రపు లాడం ఆకారంలో ఉంది. వేడినీళ్లలో ముంచి తీసి కొరికిస్తే ఆ నోటికి సరిగ్గా అచ్చు పడుతుంది. మౌత్ గార్డు. ఎవరిది వాళ్లే వాడాలి, ఇంకొకరి నోటికి కుదరదు, మంచిది కూడా కాదు అన్నాడు.

జట్టులో మిగతా పిల్లల సంగతేంటని అడిగాడు. వాళ్ల ఇళ్లల్లో వాళ్లు చూసుకుంటారులే డాక్టరుగారూ అన్నాను. ఎంత సహజంగా అన్నానంటే, అన్నట్టు కూడా నాకు చాలా రోజులు గుర్తు రాలేదు.

మేం లేవబోతుంటే ఆయన చందన వైపు తిరిగి, "ఎప్పుడన్నా పన్ను ఊడిందనుకో పాపా, పారేయొద్దు. వేరు దగ్గర ముట్టుకోవద్దు. పాలల్లో వేసుకొని బిన్నా రా, ఆలస్యం చేయొద్దు. పాలు దొరక్కపోతే చెంపలో పెట్టుకొని రా. పన్ను ఎండకూడదు, అంతే" అన్నాడు. చందన కాళ్లూపుతూ గోడ మీది దవడ బొమ్మ చూస్తోంది. వింటున్నట్టు అనిపించలేదు.

ఇంట్లో మా అత్త దానికి రబ్బరు పండ్లని పేరు పెట్టింది. అది పెట్టుకుంటే మొదట్లో చందనకు కూత రాలేదు. కబడ్డీలో కూతకు పోయిన మనిషి అవతలి గీత దాటి వెనక్కి వచ్చేదాకా ఊపిరి తీయకుండా 'కబడ్డీ, కబడ్డీ' అంటూనే ఉండాలి. అది అంపైరుకు స్పష్టంగా వినపడాలి. లేకపోతే కూత చెల్లదు. గార్డు పెట్టుకున్నాక పెదవులు కలవక ఆ మాట ఏదో మూలుగులా వచ్చేది. రోజూ సాయంత్రం పెరట్లో నీళ్లతొట్టి చుట్టూ తిరుగుతూ అదే సాధన.

"నోట్లో వేడి సంగటి పెట్టుకోని అరుస్తాండట్లుంది. పక్కింటోళ్లు నేను నిన్ను కొడతాండా అనుకుంటారు మే" అనేది మా అత్త. అంటూనే గుమ్మంలో కూర్చొని మాట తేటగా వచ్చిందో లేదో చెప్పేది. వినాయక చవితి వచ్చేసరికి కూత గట్టిపడింది. అంపైరు కంటే మా అత్తే ముందు ఒప్పుకుంది.

కాలేజీ అయ్యాక గ్రౌండుకు పోయి కూర్చోవడం నాకు అలవాటైంది. అక్కడ చూశాను. కూతకు ఒకసారికి ఒక్కరే పోతారు గనక జట్టు మొత్తానికి ఒక్క గార్డు చాలునని పిల్లలు వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. చందన తన నోట్లోంచి తీసి, సీసా నీళ్లతో కడిగి, పోయే పిల్లకు ఇచ్చేది. ఆ పిల్ల వచ్చాక కడిగి తిరిగి ఇచ్చేది. ఎరువుల షాపు వాళ్లమ్మాయి మహేశ్వరికి అది నిలవక, జారిపోకుండా కొరికి పట్టుకొని కోడిపెట్టలా తల ముందుకు పెట్టి పోతుంటే గీత బయట నిలబడి నవ్వాను. డాక్టరు చెప్పింది నాకు గుర్తుంది. అయినా నవ్వాను. పీఈటీ నాగజ్యోతి మేడంతో, పంచుకోవడం పిల్లల దగ్గరే నేర్చుకోవాలండీ అని కూడా అన్నాను.

సెప్టెంబరులో ఒక సాయంత్రం శిరివెళ్ల వైపు నుంచి ఒక బడి జట్టు వచ్చింది. మా అత్త చూడాలని ఉందంటే ఆటోలో తీసుకొచ్చి, నీడలో కుర్చీ వేయించాను. కొత్త చీర కట్టుకుంది. మనవరాలు మొదటి కూతకే ఒకరిని ముట్టుకొని వస్తే, పక్కన కూర్చున్నావిడతో, నా బిడ్డ బిడ్డ అని చెప్పుకుంది.

తర్వాత కూత అమృతది. అమృత వాళ్లది నల్లమల లోపల చెంచు గూడెం. నాయన అడవిలో వాచరు. ఈ పిల్ల ఊళ్లో హాస్టల్లో ఉండి చందన క్లాసులోనే చదువుతోంది. సన్నగా, మాట తక్కువగా ఉండేది. కూతకు పోతే మాత్రం అవతలి వాళ్లకు కాళ్లు తప్ప మనిషి కనపడదు. చందన గార్డు కడిగి ఇచ్చింది. అమృత పెట్టుకొని పోయి, ఇద్దరిని ముట్టుకొని వచ్చింది. ఆ సంతోషంలో ఊపిరి కూడా తీసుకోకుండా గార్డు కడిగి చందనకు ఇచ్చేసింది. చందన నోట్లో పెట్టుకుంది.

మా అత్త కుర్చీలోంచి లేచింది.

"ఏందే అది? ఆ పిల్ల నోట్లోది తీసి నీ నోట్లో పెట్టుకుంటాండావా?"

చందన వినపడనట్టే గీత వైపు నడిచింది.

"గూడెం పిల్ల ఎంగిలే అది. ఉమ్మెయ్యి. ముందు ఉమ్మేసి నోరు పుక్కిలించు."

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. శిరివెళ్ల పిల్లలు ఏం జరిగిందా అని మొహాలు చూసుకుంటున్నారు. నాగజ్యోతి మేడం విజిల్ చేతిలో పట్టుకొని నా వైపు చూసింది. ఆమె ఒక్కతే కాదు, అందరూ నా వైపే చూస్తున్నారు. నేను చదువుకున్నవాణ్ని గదా, ఏదో ఒకటి చెప్తాననుకున్నారు.

చెప్పాను. గీత దగ్గరికి పోయి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, "అవ్వ చెప్పిందాంట్లో తప్పేం లేదమ్మా. డాక్టరుగారు కూడా ఎవరిది వాళ్లే పెట్టుకోవాలన్నారు. ఆరోగ్యం విషయం" అన్నాను.

ఒక్క అబద్ధం లేదు అందులో. మా అత్త కూడా, చూసినావా మీ నాయనే చెప్తాండాడు అన్నట్టు తలూపి కూర్చుంది. ఆమె అన్న మాటకు అప్పటిదాకా ఒక ముసలావిడ నోటిదురుసు తప్ప వేరే బలం లేదు. నా చదువు తీసుకుపోయి ఆ మాట పక్కన నిలబెట్టాను.

"సరే సార్" అంది అమృత. క్లాసులో లెక్క తప్పు దిద్దితే అన్నట్టే అంది. జెర్సీ భుజానికి మూతి తుడుచుకొని తన చోటుకు పోయి నిలబడింది.

చందన గార్డు తీసి నా చేతిలో పెట్టింది. "మహేశ్వరి పెట్టుకున్నప్పుడు డాక్టరు చెప్పలేదా నాయనా?" అంది. గట్టిగా కాదు, నాకొక్కడికే వినపడేటట్టు అడిగింది. అందరి ముందూ అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఆ మాత్రం దయ చూపించింది.

ఆట ఆగిపోయింది, పో అన్నాను.

ఆ రోజు నుంచి చందన గార్డు ముట్టుకోలేదు. డబ్బా ఫ్రిజ్ మీద ఉండేది. అవ్వతో పోట్లాడలేదు, నాతో మాటలు మానలేదు. అన్నం పెట్టమనేది, ఫీజు కట్టాలనేది. మునుపటిలా గ్రౌండు కబుర్లు మాత్రం ఇంటికి రాలేదు. గార్డు లేకుండా ఆడొద్దమ్మా అని ఒకసారి అంటే, "మా జట్టులో ఎవరికీ లేదు గద" అని హోంవర్క్ చేసుకుంది.

అమృతకు ఒకటి కొనిద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇస్తే ఎందుకిస్తున్నానో అందరికీ తెలిసిపోతుందని ఆగాను. పేపర్లు దిద్దే పని మీద నంద్యాల పోయినప్పుడు దేవసహాయం క్లినిక్ దాకా నడిచాను కూడా. మధ్యాహ్నం భోజనానికి మూసి ఉంది. సాయంత్రం దాకా ఆగితే తెరుస్తారని బోర్డు మీదే ఉంది. మూసి ఉన్నందుకు నాకు కలిగిన హాయి ఇప్పటికీ గుర్తుంది. తర్వాతి బస్సుకే వచ్చేశాను.

దసరా సెలవులయ్యాక నంద్యాలలో జిల్లా జట్టుకు ఎంపికలు. పిల్లలతో పాటు ఒక పెద్ద మనిషి తోడుంటే బాగుంటుందని నాగజ్యోతి మేడం నన్ను అడిగింది. ఆమె నన్నే ఎందుకు అడిగిందో నాకు తెలీదు. సంతోషంగా ఒప్పుకున్నాను. పొద్దున బయల్దేరేటప్పుడు ఫ్రిజ్ మీది డబ్బాలోంచి గార్డు తీసి, కడిగి, చొక్కా జేబులో వేసుకున్నాను.

ముందురాత్రి వాన పడి గ్రౌండు మెత్తగా ఉంది. గీతల దగ్గర ఇసుక చల్లారు. అమృత ఆ రోజు ఆడితే జిల్లా జట్టులో చోటు ఖాయమని మేడం దారంతా చెప్తూనే ఉంది. ఆట మొదలయ్యే ముందు చందన దగ్గరికి పోయి గార్డు తీసి చూపించాను.

"అమృతకియ్యి" అంది.

అమృత పక్కనే వంగి బూటు తాడు కట్టుకుంటోంది. ఇయ్యడానికి నేను సిద్ధమే. చెయ్యి చాపి, అమ్మా ఇది పెట్టుకుంటావా అన్నాను. ఆ పిల్ల తలెత్తి చూసింది. కోపం లేదు మొహంలో.

"వద్దు సార్. ఎవరిది వాళ్లే పెట్టుకోవాల గద."

ఎగతాళి కూడా లేదు. నేను చెప్పింది నేర్చుకుంది. నేను గార్డు మళ్లీ జేబులో వేసుకొని గీత బయటికి వచ్చి నిలబడ్డాను.

ఆట సగం కాకముందే జరిగింది. అవతలి జట్టు పిల్ల ఒకతి కూతకు వచ్చింది. బలమైన పిల్ల. చందన, అమృత చేతులు పట్టుకొని గొలుసు కట్టి ఆమెను వెనక్కి పోనీయకుండా అడ్డుకున్నారు. ఆ పిల్ల గీత అందుకోవాలని ఎగిరి పడింది. ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. లేచేటప్పుడు అమృత లేవలేదు. రెండు చేతుల్తో మూతి మూసుకొని మోకాళ్ల మీద కూర్చుంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

మేడం పరిగెత్తి చేతులు తీయించింది. పైవరస ముందు పన్ను లేదు. అది ఉండాల్సిన చోట నెత్తురు తప్ప ఏం కనపడలేదు. నీళ్లని ఒకరు, దూదని ఒకరు, ఐసని ఒకరు అరుస్తున్నారు. నేను జేబు మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డాను. లోపల గార్డు తగులుతోంది. డాక్టరు చెప్పిన పాలు, చెంప, ఏవీ నాకు తట్టలేదు.

చందన నేల మీద పాకుతూ ఇసుకలో పన్ను వెతుకుతోంది. ఎవరూ పట్టించుకోలేదు. దొరికింది. చివర పట్టుకొని సీసా నీళ్లు ఒక్కసారి ధారగా పోసింది. తలెత్తి చుట్టూ చూసింది. పాల కోసమని అప్పుడు నాకు అర్థం కాలేదు. గేటు బయట టీ బంకు ఉంది. నేను కాస్త కదిలి ఉంటే గ్లాసెడు పాలు తెచ్చి ఉండేవాణ్ని. చందన నా మొహం చూసింది. చూసి, ఆ పన్నును అలాగే, వేరుకంటిన నెత్తుటితోనే, తన చెంపలో పెట్టుకుంది. నోరు మూసుకొని అమృత భుజం పట్టి లేపింది.

ఆటోలో వాళ్లిద్దరూ, మేడం వెనక. నేను డ్రైవరు పక్కన. దేవసహాయానికి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాను. డ్రైవరు, ఏమైందన్నా పాపకు అని అడిగి, నేను చెప్పేలోపే సందుల్లోంచి బిరబిరా తోలాడు. వెనక్కి తిరిగి చూశాను. అమృత గుడ్డ అదుముకొని కళ్లు మూసుకుంది. చందన ఎడమ చెంప కొంచెం ఉబ్బి ఉంది. గుంటల్లో ఆటో ఎగిరినప్పుడల్లా మింగకుండా గొంతు బిగబట్టుకుంటోంది. ఒక చెయ్యి అమృత చేతిలో ఉంది.

చందనా, ఆ రోజు నేను, అని మొదలుపెట్టాను. తను నా వైపు చూసింది. నోరు తెరవలేదు, తెరవలేదు గనక జవాబు రాదు. జవాబు చెప్పలేని మనిషి ముందు తప్పు ఒప్పుకోవడం ఎంత తేలికో అప్పుడు తట్టింది. ముందుకు తిరిగి కూర్చున్నాను.

క్లినిక్‌లో దేవసహాయం చేతులకు తొడుగులేసుకొని సిద్ధంగా ఉన్నాడు. "పన్ను తెచ్చినారా?" అన్నాడు.

చందన వంగి ఆయన పట్టిన స్టీలు గిన్నెలో మెల్లగా వదిలింది. తర్వాత పక్కకు పోయి, సింకు పట్టుకొని చాలాసేపు ఉమ్మింది. ఆయన గిన్నె వంకా చందన వంకా చూశాడు. "ఎవరి నోట్లో వచ్చిందిది?" అన్నాడు. ఎవరూ చెప్పకపోయినా తెలిసింది. "మంచి పనే చేసినావు పాపా. ఇంకోసారి మాత్రం ముందు పాలు చూడు. లేకుంటే ఆ పాప చెంపలోనే పెట్టాల. ఇంకొకరి నోట్లో నెత్తురు అంటడం ఇద్దరికీ మంచిది కాదు" అన్నాడు. ఎవరి ఎంగిలి ఎవరికి మంచిది కాదో ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. ఇద్దరికీ అన్నాడు. నేను ఆ రోజు గ్రౌండులో ఆ మాట అనలేదు.

పన్నును దాని చోట్లో నిలబెట్టి పక్క పండ్లకు సన్న తీగతో కట్టాడు. అంతసేపూ అమృత చందన చెయ్యి వదల్లేదు. అయ్యాక బయటికి వచ్చి, "మీరు తీసుకుపోయిన గార్డు ఏమైంది సార్?" అని అడిగాడు నన్ను.

జేబులోంచి తీసి చూపించాను.

ఆయన దాన్ని ఒకసారి చూసి, మందుల చీటీ రాయడానికి కూర్చున్నాడు. తల వంచుకునే, రెండు వారాలు మెత్తటి తిండే పెట్టాలని, తీగ తీశాక గానీ నిలిచిందో లేదో చెప్పలేనని అన్నాడు.

జిల్లా జట్టులో అమృత పేరు రాలేదు. సగంలో పోయిన పిల్లను ఎవరూ రాసుకోరు. చందన పేరూ రాలేదు. మిగతా సగం తను ఆడలేదు గదా.

ఇంటికొచ్చి మా అత్తకు జరిగిందంతా చెప్పాను. పన్ను ఎట్లా వచ్చిందో కూడా చెప్పాను. ఆమె చాటలో కందిపప్పు ఏరుతూ విన్నది. చందన చెంపలో అనేచోట చెయ్యి ఆగింది. మళ్లీ ఏరింది.

"మరి ఏం తింటాంది?" అని మాత్రం అడిగింది.

మర్నాడు నేను లేచేసరికి రాగి జావ, పెసరపప్పు వేసి మెత్తగా ఉడికించిన అన్నం స్టీలు క్యారియర్‌లో సర్ది ఉన్నాయి. ఎవరికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. రోజూ కాలేజీకి పోయేటప్పుడు హాస్టల్లో ఇచ్చేవాణ్ని. సాయంత్రం వచ్చేటప్పుడు తీసుకొచ్చేవాణ్ని. అమృత దాన్ని మెరిసేలా తోమి ఇచ్చేది.

మూడు నాలుగు రోజులయ్యాక గేటు దగ్గర, నిలబడమ్మా అన్నాను. "ఆ పొద్దు గ్రౌండులో నేనన్న మాట..."

"ఏ మాట సార్?" అంది.

నిజంగానే మర్చిపోయిందో, నన్ను వదిలేసిందో నాకు తెలీలేదు. ఆ పిల్ల కళ్లల్లో వెతకడం సిగ్గనిపించింది.

"జావలో ఉప్పు తక్కువైతాంది సార్. అవ్వకు చెప్పండి" అంది.

చెప్పాను. "పుండు మీద మండుతాదని తక్కువేసినా. బాగానే ఉందీ పిల్ల, పేర్లు పెడతాంది" అంది మా అత్త. మర్నాటి నుంచి ఉప్పు సరిపోయింది.

దేవసహాయం జట్టు మొత్తానికీ గార్డులు తెప్పించి ఇచ్చాడు. ఒక సాయంత్రం హాస్టల్ వరండాలో పెద్ద గిన్నెతో నీళ్లు కాచి, ఒక్కొక్కరితో కొరికించాం. తన పండ్లు వంకర గనక అచ్చు వంకరొస్తే సార్‌దే పూచీ అని మహేశ్వరి ముందే చెప్పింది. చందన కొత్తది కొరికింది. అమృత పక్కన కూర్చొని ఎవరి నోరు ఎంతసేపు మూసి ఉండాలో లెక్కపెట్టింది. తనది తీగ తీశాకే. నేను నీళ్లు కాచాను. నాకు చేతనైన పని అది.

ఇంట్లో క్యారియర్ సంగతి మాత్రం నేను చూడనట్టే ఉండేవాణ్ని. సాయంత్రం నేను తెచ్చింది మా అత్త వంటింట్లోకి తీసుకుపోయేది కాదు. పెరట్లో బట్టలుతికే బండ మీద, పొలం నుంచి వచ్చే కూలీలకు నీళ్లిచ్చే గ్లాసుల పక్కన బోర్లించేది. పొద్దున మళ్లీ కడిగి నింపేది. ఆ పిల్లకు చేత్తో జావ కాస్తోంది, ఆ పిల్ల తిన్న గిన్నెను ఇంట్లో పెట్టుకోలేకపోతోంది. ఇందులో ఏది మా అత్త అంటే రెండూ ఆమే.

చందన కూడా చూసింది. ఒక రాత్రి కంచం వద్దని, పెరట్లోంచి ఆ క్యారియర్ గిన్నె తెచ్చుకొని, అందులో అన్నం పెట్టించుకొని వెనక మెట్టు మీద కూర్చొని తిన్నది. మా అత్త గరిటె పట్టుకొని ఒక్క క్షణం నిలబడి, వడ్డించింది. మర్నాడూ అంతే. చందన తిన్నాక దాన్ని తోమి మళ్లీ అదే బండ మీద పెట్టేది. లోపల పెట్టు అని అడగలేదు. పెట్టొద్దని అనిపించుకోలేదు. మధ్యలో నేను పేపరు చదువుకుంటూ కూర్చునేవాణ్ని.

దీపావళి అయిన తర్వాత తీగ తీశారు. దేవసహాయం వేలితో కదిపి చూసి, "నిలిచిందని ఇప్పుడే అనలేను. రంగు మారొచ్చు, ఏడాది చూడాల. ప్రస్తుతానికి ఊడలేదు" అన్నాడు. అమృత అద్దంలో చూసుకొని, పన్ను ఒక్కటి కొంచెం పొడుగున్నట్టుంది అంది. చందన నవ్వింది. ఆళ్లగడ్డ వచ్చేదాకా బస్సులో ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. వెనక సీట్లో నాకు వినపడలేదు. వినపడకపోయినా బాగుంది.

ఇక జావ అవసరం లేదు. ఆ సాయంత్రం ఖాళీ క్యారియర్ తెచ్చి మా అత్తకిచ్చి, పన్ను నిలబడిందత్తా అని చెప్పాను. కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ, "బజ్జీ కొరకగలదా ఇంక?" అంది. కొరకొచ్చన్నారని చెప్పాను. "అయితే ఆదివారం పిలుచుకోని రా. ఆ హాస్టలోళ్లు ఏం పెడతాండారో ఏమో" అంది. చెప్పి, క్యారియర్ తీసుకొని పెరట్లోకే పోయింది.

అన్నాలయ్యాక వాన మొదలైంది. రేకుల మీద పడే చప్పుడు. చందన తన గదిలో చదువుకుంటోంది. పెరట్లో బండ మీద బోర్లించిన గిన్నెల మీద చినుకులు టంగుమంటున్నాయి. నేను పోయి తేవాలి అనుకున్నాను. నిజానికి వారాల కిందటే తెచ్చి ఉండాల్సింది, వంటింట్లో మిగతా గిన్నెల మధ్య పెట్టి ఉండాల్సింది. అప్పుడు మా అత్త ఏమన్నా అని ఉండేదేమో, అనకపోయి ఉండేదేమో. ఇప్పటికైనా పోదామని పేపరు మడిచి లేచాను.

నడవలోకి వచ్చేసరికి ఆమె అప్పటికే పెరట్లో ఉంది. తల మీద కొంగు కప్పుకొని, చీకట్లో బండ మీద తడుముతోంది. కూలీల గ్లాసులు అక్కడే వదిలేసి, క్యారియర్ గిన్నెలు మాత్రం ఒకదాని మీద ఒకటి పెట్టుకొని వచ్చింది. గ్లాసుల మీద వాన మోగుతూనే ఉంది. గుమ్మంలో నన్ను చూసింది. నేను పక్కకు జరిగాను. ఆమె గిన్నెలను చీర కుచ్చిళ్లతో తుడిచి, వంటింటి అలమరలో రోజూ మేం తినే కంచాల పక్కన పెట్టింది. తీసి కింది అరలో పెట్టబోయి, మళ్లీ అక్కడే ఉంచింది.

నేను ఏదో ఒకటి అనాలనుకున్నాను. అనేలోపే ఆమె వెనక్కి తిరిగి, లోపల చదువుకుంటున్న పిల్లకు వినపడకుండా, గడియ కూడా చప్పుడు కాకుండా, పెరటి తలుపు వేసింది.